దప్పికయ్యాక బావి తవ్వితే



2020 జూన్‌లో మందిరాలు మళ్లీ తెరుచుకున్న తొలి ఆదివారాల్లో జరిగిన ఒక సంగతి ఈ వ్యాసం రాయిస్తోంది. ఆరాధన ముగిశాక బియ్యం సంచులు పంచుతున్నాం. విజయవాడలో ఇళ్లకు రంగులు వేసుకుని బతికే ఒక సహోదరుడు వరుసలోనుంచి పక్కకు వచ్చి నిలబడ్డాడు. మూడు నెలలుగా బ్రష్ పట్టలేదు. సంచి ఇవ్వబోతే తీసుకోలేదు. "అయ్యగారూ, బియ్యం రేషన్‌లో వచ్చాయండి. తిండికి జరిగిపోతోంది. ఎక్కడైనా పని ఉంటే చెప్పండి" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి పంపించాను. తరువాతి వారం అతడు దివిసీమలోని సొంత ఊరికి వెళ్లాడు. అక్కడ తల్లి పేరున జాబ్‌కార్డు ఉంది. అందులో తన పేరు చేర్పించుకుని కాలువ పూడిక తీసే గుంపులో చేరాడు. నాలుగు వారాల కూలి డబ్బు బ్యాంకులో పడిందని ఫోన్ చేసి చెప్పాడు. ఆ కూలితో అప్పులేమీ తీరలేదు. అయినా అతని గొంతు మారింది.

నేను చూపలేని దారి అతనికి ఎక్కడినుంచి వచ్చింది? ఆ దారిని కరోనా వచ్చాక ఎవరూ వేయలేదు. పద్నాలుగేళ్ల ముందే వేసి ఉంచారు. దేశం ఆర్థికంగా కుంగినప్పుడు, పనులు పోయినప్పుడు ప్రభుత్వాలు ఏం చేస్తాయి, ఏ సాయం అందుతుంది, ఏది అందదు అనేది మన సంఘాల్లో తెలిసి ఉండవలసిన విషయం. రాజకీయం మాట్లాడడానికి కాదు. మన బెంచీల మీద కూర్చునేవారిలో రోజుకూలి మీద బతికేవారు చాలామంది కాబట్టి.

ఒకరి ఖర్చే మరొకరి కూలి

మాంద్యం అనే మాట పేపర్లలో చదువుతుంటాం. అది ఇంటికి ఎలా వస్తుందో చూద్దాం. ఇల్లు కట్టించేవాడు పని ఆపేస్తే తాపీమేస్త్రీకి, రాడ్ బెండింగ్ చేసేవాడికి, రంగులవాడికి కూలి ఉండదు. వాళ్లకు కూలి లేకపోతే సందు చివరి టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ అమ్ముడుపోదు. బండి నడిపే ఆవిడ కూతురికి ట్యూషన్ మాన్పిస్తుంది. ట్యూషన్ చెప్పే అమ్మాయి కొత్త చీర కొనదు. ఒకరు ఖర్చు పెట్టేదే మరొకరికి ఆదాయం. అందరూ భయపడి ఒకేసారి చేయి ముడుచుకుంటే అందరి ఆదాయమూ ఒకేసారి పడిపోతుంది. ఇంటికి జాగ్రత్త మంచిదే. ఊరంతా ఒకేసారి జాగ్రత్తపడితే అదే కీడవుతుంది.

దీన్ని 2019లోనే మన ప్రాంతం చిన్న మోతాదులో రుచి చూసింది. ఇసుక దొరకక కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కట్టడాలు ఆగిపోయిన నెలలు గుర్తుండే ఉంటాయి. తెల్లవారుజామున విజయవాడ అడ్డాల దగ్గర క్యారేజీలు పట్టుకుని నిలబడ్డ కూలీలు పది గంటలకు అదే క్యారేజీతో ఇంటికి మళ్లిపోయేవారు. తమను ఎవరూ కూలికి పెట్టుకోలేదని సాయంత్రం దాకా సంత వీధిలో నిలబడిపోయిన పనివారి ఉపమానం మనకు తెలుసు. అడ్డా దగ్గర నిలబడితే దాని బరువు తెలుస్తుంది. వాళ్లు సోమరులై నిలబడలేదు.

అలాంటప్పుడు ఖర్చు పెట్టగలిగినది ప్రభుత్వమొక్కటే. అది సాయం చేయడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: ధాన్యం ఇవ్వడం, డబ్బు ఇవ్వడం, పని ఇవ్వడం. ధాన్యం ఆకలిని ఆపుతుంది గానీ అద్దె కట్టదు. డబ్బు దేనికైనా పనికొస్తుంది గానీ ఎవరికి ఇవ్వాలో ముందే జాబితా ఉండాలి. పని ఇస్తే కూలీ వస్తుంది, ఊరికి ఒక చెరువో కాలువో మిగులుతుంది. కానీ పని చేయలేని వృద్ధులకు, రోగులకు, బాలింతలకు అది సరిపోదు. అందుకే ఏ ఒక్కటీ చాలదు, మూడూ ఉండాలి.

మన నేల మీద జరిగినవి

మన డెల్టాయే ఒక కరువు తరువాత పుట్టింది. 1832-33లో వచ్చిన నందన కరువును పెద్దలు డొక్కల కరువు అన్నారు. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనంలో 2 లక్షల మంది చనిపోయారని లెక్క. అప్పటికి కుంపిణీ ప్రభుత్వం దగ్గర ఇలాంటి కాలానికి సిద్ధం చేసి ఉంచిన ఏర్పాటు లేదు. కృష్ణ మీద ఆనకట్ట కట్టింది 1852 నుండి 1855 వరకు. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణ. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన ఊళ్లకు అన్నం పెడుతున్నాయి. నిజమే. అయితే చనిపోయినవారికి ఆ నీళ్లు ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చాయి.

1876-78 నాటి ధాత కరువుకు ప్రభుత్వం పనులు తెరిచింది. కానీ ఎలా? ఖర్చు తగ్గించమని వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ అది మనిషిని నిలబెట్టదని వాదించాడు. పని పేరుతో ఇచ్చే కూలి కడుపు నింపకపోతే ఆ పని రక్షించదు, చంపుతుంది. లక్షల మంది పోయాక 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది. కరువు లక్షణాలు కనబడగానే పనులు తెరవాలి, పని చేయలేనివారికి ఊరికే సాయం చేయాలి అనే కరువు నియమావళులు ఆ తరువాతే రాశారు.

ఆ కరువులోనే మన సంఘాలు మరిచిపోకూడని సంగతి ఒకటుంది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్లు తవ్వే పనిని ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిషనరీ కాకముందు ఆయన సర్వేయరు. తన దగ్గరి బోధకులను పనిమీద పర్యవేక్షకులుగా పెట్టి, వేల మందికి, ముఖ్యంగా మాదిగ కుటుంబాలకు, కూలి అందేలా చూశారు. మగవాళ్లు తవ్వారు, ఆడవాళ్లు తట్టలు మోశారు. ఆ పదిహేను నెలలు ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారు వందల్లో ఉన్నా ఆపేశారు. కూలి కోసం విశ్వాసం, విశ్వాసం కోసం కూలి అన్న మాట రాకూడదని. 1878 జూలైలో, సాయం ముగింపుకు వచ్చాక, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన ప్రసంగాల్లో చెబుతాం. దాని ముందున్న పదిహేను నెలల నిరీక్షణను చెప్పం. ఆకలితో ఉన్నవాడికి ఇచ్చే సాయానికి బదులుగా అతని మనసును అడగకూడదన్నది అందులోని పాఠం. అది మిషనరీలకే కాదు, పార్టీలకూ వర్తిస్తుంది.

1930ల మాంద్యం మన డెల్టాను వేరే రకంగా తాకింది. పంట పండింది, ధాన్యం ధర కుప్పకూలింది. శిస్తూ వడ్డీ మాత్రం తగ్గలేదు. ఆచార్య ఎన్.జి. రంగా వంటివారు రైతుల తరఫున ఊరూరా తిరిగారు. 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చి పాత వడ్డీల భారం తగ్గించింది. మేలే. అయితే రెండు సంగతులు గమనించండి. మాంద్యం మొదలైన ఎనిమిదేళ్లకు అది వచ్చింది. వచ్చింది కూడా భూమి మీద హక్కున్నవారికే. ఆ భూమిలో నాటు వేసిన కూలివాడికి అందులో పేరు లేదు.

అదే కాలంలో అమెరికాలో పనిచేయగలవారిలో నలుగురిలో ఒకరికి పని లేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో మొదలుపెట్టిన పనుల కార్యక్రమం ఎనిమిదేళ్లలో దాదాపు 85 లక్షల మందికి పనిచ్చి రోడ్లు, బడులు, వంతెనలు కట్టించింది. అదే సంవత్సరం సామాజిక భద్రతా చట్టంలో నిరుద్యోగ బీమా పెట్టారు. పనుల కార్యక్రమం 1943లో మూతపడింది. బీమా మాత్రం చట్టం కాబట్టి ఇప్పటికీ ఉంది. తరువాతి ప్రతి మాంద్యంలోనూ, ఎవరూ కొత్తగా తీర్మానం చేయకుండానే, పని పోయినవారికి ఆ చట్టం ప్రకారం డబ్బు వెళ్లడం మొదలవుతుంది.

ఇన్ని సంగతులూ కలిపి చూస్తే ప్రతి పథకాన్నీ అడగవలసిన మూడు ప్రశ్నలు కనిపిస్తాయి. కీడు రాకముందే సిద్ధంగా ఉందా? అందరికన్నా కిందనున్నవాడి పేరు అందులో ఉందా? అతడు దాన్ని హక్కుగా అడగగలడా, లేక ఎవరైనా దయతలిస్తేనే వస్తుందా?

హామీ చట్టమయ్యాక

మహారాష్ట్ర 1970ల కరువు తరువాత ఉపాధి హామీని చట్టం చేసింది. దేశమంతటికీ అలాంటి చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. మొదట 200 జిల్లాలు. పచ్చని డెల్టాకు అంత తొందరేముందని మన కృష్ణా జిల్లాను చివరి విడతకు ఉంచారు. 2008 ఏప్రిల్ నుండి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ వర్తించింది. ఆ సెప్టెంబరులోనే అమెరికాలో బ్యాంకులు కూలి ప్రపంచం మాంద్యంలోకి జారింది. మన దేశంలో పల్లెల వరకు ఒక కాలువ అప్పటికే తవ్వి ఉంది.

పచ్చని డెల్టాలో పని కొరత ఉంటుందా అని అడిగేవారికి ఒక మాట. జూలై, ఆగస్టుల్లో నాట్లు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, ఆ వెనుక మినుము. మినుము తీత అయిపోయి కాలువలు కట్టేశాక మళ్లీ నీళ్లు వదిలేదాకా పొలంలో పని ఉండదు. కోత యంత్రాలు వచ్చాక కోతల కూలి రోజులు కూడా తగ్గాయి. పంట బాగా పండిన ఏడాది కూడా కూలివారి ఇంట్లో మూడు నెలలు మాంద్యమే.

ఆ చట్టంలో ముఖ్యమైనవి నాలుగు. గ్రామీణ కుటుంబం అడిగితే ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలి. అడిగిన 15 రోజుల్లో చూపకపోతే రాష్ట్ర ప్రభుత్వం నిరుద్యోగ భృతి చెల్లించాలి. పని చేశాక 15 రోజుల్లో కూలి పడాలి. కాంట్రాక్టర్లు ఉండకూడదు. వీటన్నిటి వెనుక ఒక సూత్రం ఉంది: పనికి ముందు బడ్జెట్ కాదు, అడిగినవారి సంఖ్య ముందు. ఎక్కువమంది అడిగితే పథకం దానంతట అదే పెరుగుతుంది. మంచి రోజులొచ్చి బయట ఎక్కువ కూలి దొరికితే జనం అడగడం మానేస్తారు, అదే తగ్గుతుంది. వర్షం పడితే నిండి, ఎండాకాలం నీళ్లిచ్చే చెరువులాంటిది.

మన రాష్ట్రం దీనికి కొన్ని మంచి అలవాట్లు నేర్పింది. ఊళ్లో చేసిన పనిని, మస్టర్లను, చెల్లింపులను ఊరిముందే చదివి వినిపించే సామాజిక తనిఖీ ఇక్కడే బలపడింది. పనిదినాల్లో సగానికి పైగా మహిళలవే. మగవారికీ ఆడవారికీ ఒకే కూలి అన్నది మన డెల్టా పొలాల్లో అంతకుముందు ఎరగని మాట.

రైతుల బాధ కూడా చెప్పాలి. కూలీలు దొరకడం లేదని, కూలి పెరిగిందని సన్నకారు రైతు, కౌలు రైతు మొరపెట్టుకున్నారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు కూలీల సమస్యనూ చెప్పారు. మన సంఘంలో ఒకే బెంచీ మీద కౌలు రైతూ కూలీ ఇద్దరూ కూర్చుంటారు. ఇద్దరిదీ నిజమే. అయితే కూలి పెరగడం వల్ల రైతు నష్టపోయాడంటే దానికి మందు ధాన్యం ధరలో వెతకాలి. కూలివాడి ఆకలిలో కాదు.

2020 పెట్టిన పరీక్ష

2020 మార్చి 24 రాత్రి ప్రకటించిన లాక్‌డౌన్‌తో దేశమంతా ఒకేసారి ఆగిపోయింది. ఆ ఏప్రిల్ నుండి జూన్ వరకు దేశ ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. జాతీయ రహదారి మీద మూటలు నెత్తిన పెట్టుకుని ఒడిశా, బీహార్ వైపు నడిచిన కుటుంబాలను విజయవాడ చూసింది. మన సంఘాల యువకులు చాలామంది వాళ్లకు మజ్జిగ, పులిహోర పొట్లాలు అందించారు.

మూడు దారులూ అప్పుడు తెరుచుకున్నాయి. ధాన్యం దారిలో రేషన్ కార్డు ఉన్న ప్రతి మనిషికీ నెలకు అదనంగా 5 కిలోల బియ్యమో గోధుమలో ఉచితంగా ఇచ్చారు. అది 2022 డిసెంబరు వరకు సాగింది. డబ్బు దారిలో మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు వేశారు. మన రాష్ట్ర ప్రభుత్వం కార్డుకు 1,000 రూపాయలు ఇచ్చింది. పని దారిలో ఏప్రిల్ 20 నుండి ఉపాధి పనులకు అనుమతించారు. బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకు మే నెలలో మరో 40,000 కోట్లు కలిపారు. ముందు సంవత్సరం దేశంలో సుమారు 5.5 కోట్ల కుటుంబాలు ఉపాధి పనికి వస్తే ఆ ఏడాది సుమారు 7.5 కోట్ల కుటుంబాలు వచ్చాయి. పనిదినాలు 265 కోట్ల నుండి 389 కోట్లకు పెరిగాయి. మన రాష్ట్రంలో అప్పటి రోజు కూలి 237 రూపాయలు.

ఈ మూడూ అంత త్వరగా ఎలా కదిలాయి? బియ్యం గోదాముల్లో ముందే ఉంది. రేషన్ దుకాణాలు ముందే ఉన్నాయి. బ్యాంకు ఖాతాలు ముందే తెరిచారు. జాబ్‌కార్డులు ముందే ఇచ్చారు. కొత్తగా కనిపెట్టింది తక్కువ, ఉన్నదాన్ని పెద్దది చేసింది ఎక్కువ. దప్పికయ్యాక బావి తవ్వితే ఏమవుతుందో పెద్దలు సామెతలోనే చెప్పారు. అప్పుడు బావి తవ్వి ఉంది, చేద కొంచెం పెద్దది వేశారు.

ఎక్కడ బావి తవ్వలేదో అక్కడ ఏమైందో కూడా చూశాం. ఉపాధి హామీ పల్లెలకే. విజయవాడలో రంగులు వేసేవాడికి, ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేవాడికి, బట్టల దుకాణంలో నిలబడే అమ్మాయికి అలాంటి హామీ లేదు. కేరళ 2010లో అయ్యంకాళి పేరుతో, రాజస్థాన్ 2022లో పట్టణాలకు ఉపాధి హామీ పెట్టాయి. మన రాష్ట్ర పట్టణాలకు అది ఇంకా రాలేదు. వీధి వ్యాపారులకు 2020లో 10,000 రూపాయల అప్పు ఇచ్చారు. అప్పు సాయమే గానీ కూలి కాదు. ఈఎస్ఐ కార్డు ఉన్న ఉద్యోగికి పని పోతే 90 రోజుల వరకు జీతంలో కొంత భాగం ఇచ్చే పథకం 2018లో వచ్చింది. కార్డే లేనివారికి అది అందదు. అడ్డా కూలీకి కార్డు ఎవరు చేయిస్తారు?

మన ఇంటి సంగతి కూడా ఒప్పుకుందాం. ఆ ఏడాది ఫీజులు రాలేదని ప్రైవేటు బడులు ఉపాధ్యాయుల జీతాలు ఆపేశాయి. వాటిలో సంఘాలు నడిపే బడులు కూడా ఉన్నాయి. ప్రభుత్వం ఏం చేసిందని అడిగే ముందు, మన చేతికింద పనిచేసినవారికి మనం ఏం చేశామని కూడా అడుక్కోవాలి.

ఇప్పుడు మారుతున్నది

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ గ్రామీణ్ అని దాని పూర్తి పేరు. జీ రామ్ జీ అని పేపర్లు రాస్తున్నాయి. సంఘాల్లో దీని మీద పేరు గురించిన గొడవే ఎక్కువగా వింటున్నాను. పేరుకన్నా లోపలి లెక్క మన కూలివారికి ముఖ్యం.

మంచి మాట ముందు. హామీ 100 రోజుల నుండి 125 రోజులకు పెరిగింది. 15 రోజుల్లో పని ఇవ్వకపోతే భృతి అన్న మాట అలాగే ఉంది. నాట్లు, కోతల కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజుల వరకు పనులు ఆపుకోవచ్చని రాశారు. రైతు అడిగినదానికి అది కొంత జవాబు.

ఇక ఆలోచించవలసినవి. పాత చట్టంలో కూలి డబ్బంతా కేంద్రానిదే. కొత్తదానిలో మనలాంటి రాష్ట్రాలు ఖర్చులో నూటికి 40 భరించాలి. పైగా ఏ రాష్ట్రానికి ఎంత కేటాయింపో కేంద్రం ముందే నిర్ణయిస్తుంది. దాన్ని మించితే మించినదంతా రాష్ట్రమే పెట్టుకోవాలి.

ఇది మంచి ఏడాదిలో పెద్ద తేడాగా కనబడకపోవచ్చు. చెడ్డ ఏడాదిని ఊహించండి. మాంద్యంలో అమ్మకాలు తగ్గుతాయి కాబట్టి రాష్ట్రానికి పన్నులు తగ్గుతాయి. ఇష్టం వచ్చినంత అప్పు తెచ్చుకునే వీలు రాష్ట్రానికి లేదు, కేంద్రానికి ఉన్నంత వెసులుబాటు లేదు. సరిగ్గా అప్పుడే పని అడిగేవారు రెట్టింపవుతారు. ఖజానా ఎండిన రోజునే ఖర్చు పెరగాలి. చేతిలో డబ్బులేని రాష్ట్రం ఏం చేస్తుంది? పని లేదని చెప్పదు. దరఖాస్తు తీసుకోవడం ఆలస్యం చేస్తుంది, రసీదు ఇవ్వదు, పనిని చిన్నది చేస్తుంది. చట్టంలో 125 అని ఉంటుంది, మస్టర్‌లో 40 ఉంటుంది. ఇలా జరిగి తీరుతుందని నేను అనడం లేదు. 2020లో కేంద్రం ఉన్నఫళాన 40,000 కోట్లు కలిపినట్టు మళ్లీ కలపవచ్చు. కానీ కలపడం అప్పటి ప్రభుత్వం మనసుమీద ఆధారపడి ఉంటే, చెరువు దానంతట అది నిండడం ఆగిపోయి, ఎవరో వచ్చి తూము తెరవాలని ఎదురుచూడవలసి వస్తుంది. ఈ చట్టాన్ని మెచ్చుకునేవారినైనా విమర్శించేవారినైనా మన సంఘం అడగవలసిన ప్రశ్న ఒకటే: కరువు ఏడాదిలో అదనపు డబ్బు ఎవరు పెడతారు?

యోసేపు చరిత్రను మనం చాలాసార్లు బోధించాం. సమృద్ధి ఏళ్లలో కొట్లు కట్టించాడు, కరువు ఏళ్లలో తెరిచాడు. ముందుచూపుకు అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అయితే ఆదికాండం 47వ అధ్యాయం వరకు చదివేవారు తక్కువ. అక్కడ ప్రజలు ధాన్యం కోసం మొదట డబ్బు, తరువాత పశువులు, చివరకు పొలాలను, తమ్మును తాము ఫరోకు అప్పగించారు. ప్రాణం నిలిచింది, స్వేచ్ఛ పోయింది. కొట్టు నిండి ఉండడం ఒక్కటే చాలదు. తెరిచేటప్పుడు బదులుగా ఏం అడుగుతున్నారన్నది కూడా చూడాలి. క్లౌ దొరగారి పదిహేను నెలలు ఆ చూపుకు ఉదాహరణ. మా నాయకుడు ఇచ్చాడు కాబట్టి మాకే ఓటు అనేవారికి మన విశ్వాసులు మర్యాదగా చెప్పగలగాలి: అది చట్టం ఇచ్చింది, మేం పనిచేసి తీసుకున్నాం.

సంఘంగా మన పని

హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన నిలవదు. అడిగేవారు లేని హక్కు ఎండిన కాలువలా పూడిపోతుంది. అందుకని ప్రతి సంఘమూ ఈ వేసవిలోపు చేయగలిగిన నాలుగు పనులు చెబుతాను.

మొదటిది, మీ సంఘ కుటుంబాల్లో ఎవరికి జాబ్‌కార్డు ఉంది, ఎవరికి లేదు, పెళ్లై వచ్చిన కోడళ్ల పేర్లు చేరాయా లేదా రాసుకోండి. ఆధార్, బ్యాంకు ఖాతా కలవకపోవడం వల్ల కూలి ఆగినవారు ఉంటారు. 2024 జనవరి నుండి ఆధార్ ఆధారిత చెల్లింపే తప్పనిసరి అయింది.

రెండవది, పని అడిగేటప్పుడు కాగితం మీద అడగమనండి, తేదీ వేసిన రసీదు తీసుకోమనండి.  రసీదు లేనివాడు అడగనట్టే లెక్క. మన యువజన సమాజాల్లో చదువుకున్న పిల్లలున్నారు. నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక బల్ల వేసుకుని కూర్చుంటే పెద్దవారి దరఖాస్తులన్నీ రాసి పెట్టగలరు.

మూడవది, పట్నంలోని సంఘాలు. గడిచిన ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసిన 18 నుండి 60 ఏళ్లవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. ఇతర అసంఘటిత కార్మికులకు ఈ-శ్రమ్ ఉంది. కష్టం వచ్చాక జాబితాలో చేరడం కుదరదు. జాబితాలో ఉన్నవారికే సాయం ముందు చేరుతుందని 2020 నేర్పింది.

నాలుగవది, గ్రామసభకు, సామాజిక తనిఖీ సభకు వెళ్లండి. అక్కడ మస్టర్ చదివేటప్పుడు ఊరి కూలీలు గొంతెత్తలేకపోతే, చదువు వచ్చిన సంఘ పెద్ద ఒకరు పక్కన నిలబడడమే పెద్ద ధైర్యం. మనవాళ్లకే కాదు, ఊరందరికీ.

మొదట చెప్పిన సహోదరుడు మళ్లీ విజయవాడ వచ్చేశాడు. రంగుల పని దొరుకుతోంది. మొన్న ఆరాధన తరువాత కలిసి, "అయ్యగారూ, ఊళ్లో అమ్మ కార్డులో నా పేరు అలాగే ఉంచానండి, తీయించలేదు" అన్నాడు. ఇప్పుడు పని ఉంది కదా, ఎందుకని అడిగాను. "ఇప్పుడుంది గానీ, రేపటి సంగతి ఎవరికి తెలుసండీ" అన్నాడు.

ఒక కూలివాడు తన ఇంటి కోసం చేసుకున్న ఆ ముందుచూపు దేశాన్ని నడిపేవారికీ, సంఘాన్ని కాసేవారికీ ఉండాలి. మంచి రోజుల్లోనే మన పిల్లలతో ఆ దరఖాస్తుల బల్ల వేయిద్దాం.